రాజకుమారి అక్క మూసేసిన బడి

నమస్కారాల కంటే ముందు ఒక అన్యాయం గురించి చెప్పాలి. మన అశోక్‌నగర్‌లో ఆరేళ్లుగా నడుస్తున్న ఒక బడిని, బోర్డు లేని, ఫీజు లేని, బెత్తం లేని బడిని, ఈ నెలలో మూసేశారు. మూసింది ప్రభుత్వం కాదు, పెట్టుబడిదారులూ కాదు. అదిగో, వేదిక మీద శాలువా కప్పుకుని, దండ గుచ్చుకుంటుంటే సర్దుకుంటూ నవ్వుతున్నారే, ఆ రాజకుమారి అక్క మూసేశారు. (నవ్వులు) నవ్వకండి, నేను కోపంగానే చెప్తున్నాను.

సభకు అధ్యక్షత వహిస్తున్న రిటైర్డ్ హెడ్మాస్టరు రామచంద్రయ్య గారికి, అక్క ఆరేళ్ల చాకిరీకి ఈ సన్మానం తలపెట్టిన మహిళా మండలి కార్యదర్శి చంద్రిక అక్కకు, చిక్కడపల్లి నుంచి, నారాయణగూడ నుంచి వచ్చిన పెద్దలకు, కుర్చీలు చాలక గోడకు ఆనుకుని నిలబడ్డ మిత్రులకు నమస్కారాలు. నా పేరు జైపాల్. రాజకుమారి అక్క వాళ్ల మేడ మీది గదిలో కిరాయికి ఉంటాను. ‘బడి గోడలు బద్దలు కొడదాం’ అనే కరపత్రం రాసి, అచ్చు వేయించి, చిక్కడపల్లి చౌరస్తాలో పంచింది నేనే. దాన్ని తీసుకుని పల్లీలు పొట్లం కట్టుకున్న వాళ్లు కూడా ఈ హాల్లో ఉన్నారని నాకు తెలుసు. (నవ్వులు)

ఆ ఇంట్లో బడి ఎలా నడిచేదో చాలామందికి తెలియదు. అక్కకు ఇద్దరు పిల్లలు, పెద్దది నవత, చిన్నవాడు శశాంక్. పొద్దున్నే ఇద్దరూ ‘అమ్మా, అమ్మా’ అంటూ ఆమె చుట్టూ తిరిగి ఇడ్లీలు తిని, తండ్రి జగన్మోహన్ అన్న స్కూటరెక్కి ఆఫీసుకు వెళ్లగానే చెప్పులేసుకుని వెనక తలుపు నుంచి బయటపడేవాళ్లు. సందు చుట్టూ తిరిగి, రామచంద్రయ్య గారి గేటు దగ్గర ఆగి, తలా ఒక సందేహం అడిగి, ‘మీ అమ్మకు చెప్పున్రి, పిల్లలను బడికి తోలమని’ అని తలా ఒక చీవాటు తిని, ముందు తలుపు దగ్గరికి వచ్చి బెల్లు కొట్టేవాళ్లు. తలుపు తీసేది అదే మనిషి, అదే చీర, చేతులకు అదే పిండి. కాని అప్పటినుంచి ఆమె టీచర్ గారు. మధ్యాహ్నం దాకా ‘అమ్మా’ అనడానికి వీల్లేదు. బడి అయ్యాక ముందు తలుపు నుంచి వెళ్లి, వెనక తలుపు నుంచి వస్తే మళ్లీ అమ్మ. ఈ పద్ధతి జగన్మోహన్ అన్న కనిపెట్టారు. ఇల్లు వేరు, బడి వేరు అని పిల్లలకు తెలియాలి కదా అన్నారు. నాకు అద్భుతంగా తోచింది. కరపత్రం రెండో పేజీ అంతా అదే.

కుక్కర్ కూత పెడితే ఎక్కాలు ఆగేవి, గ్యాస్ బండ వస్తే భూగోళం ఆగేది, వాన పడితే పిల్లలూ టీచరూ కలిసి ఆరేసిన బట్టలు తీయడానికి మేడ మీదికి పరుగెత్తేవాళ్లు, నేను గదిలోంచి అది చూసి, ఇదే అసలైన చదువు అనుకునేవాణ్ని. కరపత్రంలో ఇంటి చిరునామా కూడా వేశాను. ఆదివారాలు ముషీరాబాద్ నుంచి, అడిక్‌మెట్ నుంచి జనం చూడటానికి వచ్చేవాళ్లు. అన్నా నేనూ వాళ్లకు విద్యావిధానం వివరించేవాళ్లం. అక్క అందరికీ టీ పెట్టేవారు.

చంద్రిక అక్కా, గంట కొట్టకండి. నేను గంటలకు వ్యతిరేకినని మీకు తెలుసు. (నవ్వులు)

పోయిన నెల ఒకరోజు నేను నీళ్ల బిందె తీసుకుని కిందికి దిగాను. అప్పుడే బడి వదిలారు. నవత, శశాంక్ చుట్టూ తిరిగి వెనక తలుపు నుంచి లోపలికి వచ్చారు. పిల్లవాడి ఒళ్లు కాలిపోతోంది. వంటింట్లోనే అక్క ఒళ్లో పడుకున్నాడు. కాసేపటికి కళ్లు సగం తెరిచి ఆమె ముఖంలోకి చూసి అడిగాడు:

“టీచర్ గారూ, మా అమ్మ ఎప్పుడొస్తది?”

“వచ్చిన బిడ్డా. ఇగో, నేనే.”

వాడు నమ్మినట్టు కనిపించలేదు. కళ్లు మూసుకున్నాడు. నవత పక్కున నవ్వింది. జ్వరం మాటలని నేనూ నవ్వాను. అక్క నవ్వలేదు.



జ్వరం తగ్గిన వారంలోనే ఆమె నారాయణగూడలో ఒక స్కూలుకు వెళ్లి ఇద్దరినీ చేర్పించి వచ్చారు. ఆ స్కూలు గోడ మీద గాజుపెంకులు ఉన్నాయి, నేను చూసి వచ్చాను. ఎండలో మోకాళ్ల మీద నిలబడి చదువుకున్నవాణ్ని, నాకు ఒళ్లు మండింది. మెట్ల మీది నుంచే అరుస్తూ వంటింట్లోకి వెళ్లాను.

“అక్కా, మీరు లొంగిపోయిన్రు!”

“సరే, లొంగిన. ముందుగాల గా గిన్నె జర ఇటియ్యి.”

“రేపు ఆ బడి పిల్లలను ఏం చేస్తదో ఎరికేనా మీకు?”

“యూనిఫారం ఇస్త్రీ చెయ్యమంటది. చేస్త.”

“మరి ఆరేండ్ల కష్టం?”

“కష్టం నాది కద జైపాల్. నీకేంది పరేషాన్?” అని స్టవ్ ఆర్పి, పీట మీద కూర్చున్నారు. “అందరి పిల్లలు బడి నుంచి ఇంటికొస్తరు. నా పిల్లలు నా దగ్గరి నుంచి పోయి, మళ్ల నా దగ్గరికే బడికొస్తరు. నాకు ఒక్కసారన్న ముందు తలుపు అమ్మ లెక్క తియ్యాలని ఉన్నది.”

గిన్నె ఇచ్చేసి మేడెక్కాను. గ్రంథాలయంలో దొరికిన కరపత్రాలన్నీ చదివినవాణ్ని. బడి గురించి, గోడల గురించి, బానిసత్వం గురించి వాటిలో ఉంది. తలుపు తీసే మనిషి గురించి ఎక్కడా లేదు. అక్కది తప్పని ఇప్పటికీ అనిపిస్తుంది. ఎలా తప్పో చెప్పే కరపత్రం మాత్రం ఇంకా రాయలేదు.

పోనీ ఎవరు గెలిచారా అంటే అదీ అర్థం కావడం లేదు. రామచంద్రయ్య గారు ఆరేళ్లు గేటు దగ్గర నిలబడి పోరాడారు. ఇందాక సభకు ముందు కళ్లద్దాలు తుడుచుకుంటుంటే, “గెలిచిన్రు కద సార్” అన్నాను. “ఏం గెలుపయ్యా? ఇగ పొద్దుగాల నా గేటు కాడ ఎవరు ఆగుతరు?” అన్నారు. మూడో వరసలో జగన్మోహన్ అన్న తన చెప్పులనే చూసుకుంటున్నారు. సంతోషంగా ఉన్నది వేదిక మీద అక్క ఒక్కరే. ఇది సన్మానమో, సంతాపమో చంద్రిక అక్కే చెప్పాలి.

నిజం చెప్తాను. ఈ కాగితం చివర ఒక పిలుపు రాసుకుని వచ్చాను: సోమవారం పొద్దున ఎనిమిదికి, పిల్లలు కొత్త స్కూలుకు మొదటిసారి బయలుదేరే వేళకు, అక్క గేటు ముందు అందరం అడ్డంగా కూర్చుందామని. అది చదవను. పిలవడం మాత్రం మానను. సోమవారం సాయంత్రం నాలుగున్నరకు రండి. రామచంద్రయ్య గారూ, మీ గేటు దగ్గరే నిలబడదాం. పిల్లలు స్కూలు నుంచి అటే వస్తారు, సందేహాలుంటే ముందు మీకే. ఒక్క షరతు. వాళ్ల వెనకే అక్క ఇంటి దాకా వెళ్లాక ముందు తలుపు బెల్లు ఎవరూ ముట్టుకోవద్దు, జగన్మోహన్ అన్నా, మీరు కూడా. నవత, శశాంక్ కొడతారు. అక్క తలుపు తీస్తారు. వాళ్లు ఆమెను ఏమని పిలుస్తారో విందాం. అప్పుడు నినాదం ఇవ్వాలో, ఊరుకోవాలో నాకు ఇంకా తెలియదు.

నా అరుపులు ఇంతసేపు భరించిన మీకు, ఇన్నాళ్లూ భరించిన అక్కకు కృతజ్ఞతలు. నాలుగున్నర, మరిచిపోకండి. సెలవు.