గంజాయి చదువు

పులికాట్ ఒడ్డున చిరిగిన వల కుడుతున్న కామమ్మ, చెన్నైలో మందుల మీద పరిశోధన చేసే కూతురు ఇంటికి రాగానే చెయ్యి పట్టి కూర్చోబెట్టుకుంది.

"పోయినసారి ఫోన్లో గంజాయి గంజాయి అంటా ఉంటివి. నిజం చెప్పు మే. తాగతన్నావా?"

"నేనా! ఎలుకలకి ఇచ్చి చూస్తామమ్మా, వాపు తగ్గతాదేమోనని."

"ఎలుకలకి అదెందుకు?"

"గంజాయిలో ఉండేలాంటి సరుకు మన ఒంట్లోనే తయారవతాది. ఉప్పుగాలికి ఇంజను తుప్పుపట్టినట్టు ఒళ్ళు లోపల్లోపల పాడైనా, వల లాగి నీ భుజం వాచినా, సర్దేది అదే. ఎట్ట సర్దతాదో కనుక్కునేదే నా పని."

"నా ఒంట్లో కూడానా?"

"అందరి ఒంట్లో ఉంటాది."

కామమ్మ గుండెల మీంచి బండ దిగినట్టయింది.

"బతికించినావు తల్లీ. ఊళ్ళో తెలిస్తే దురాయి వేసి, మనల్ని వెలేసి, మన పడవని నీళ్ళలోకి దిగనీరని, నేనే ముందుగా పోయి ఊరిపెద్ద, మన పెదకాపు కాళ్ళ మీద పడినాను."

"అయ్యో! చెప్పేసినావా? ఏమన్నాడాయన?"

"లేచి తలుపు దగ్గరగా వేసి, తన మోకాళ్ళు వాచిపోయినాయి, పాప ఈసారి వచ్చేటప్పుడు రవ్వంత తెస్తాదేమో అడగమన్నాడు."