గోడ లేని తలుపు

తొయ్యకు తల్లీ, లాగు. లాగాలి ఆ తలుపు. ఆఁ, అంతే. గదిలోకి రావడానికి తలుపు లాగడమేంటని నవ్వొస్తోందా? ఈ ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ ముందు తోస్తారు, తోసి విసుక్కుంటారు, అప్పుడు నేను లోపల్నుంచి అరుస్తాను, లాగండీ అని. రా, కూర్చో. కిటికీ పక్కన వెలుతురు బాగుంటుంది, నీ ల్యాప్‌టాప్ అక్కడ పెట్టుకో. ఇంటర్వ్యూకి ఇంకా టైముందిగా? దేవుడికి దణ్ణం పెట్టుకున్నావా? లేదా? సరేలే, పొద్దున నీ వంతు కూడా నేనే పెట్టేశాను. మన పిల్ల హడావుడి ఆయనకి తెలుసు. ఏంటి, చేతులలా నలిపేసుకుంటున్నావు? భయమా? అచ్చం ఈ అమ్మమ్మ పోలికే. నేనూ ఇలాగే నలిపాను, చేతిరుమాలు పీలికలయ్యేదాకా, ఆ తలుపు దగ్గరే. అవునే, నువ్విప్పుడు లాక్కుని వచ్చావు చూడు, అదే తలుపు. కాకపోతే అప్పుడు దానికి గోడ లేదు. తలుపు మాస్టారి సంగతి నీకు చెప్పాను కదూ? చెప్పలేదా? సగం చెప్పుంటాను, మీ అమ్మ మధ్యలో వచ్చి ఆపేసుంటుంది. దానికి నా మాటలు తొందరగా అయిపోవాలి ఎప్పుడూ.

మీ తాత నడుం పట్టేసి లారీ తోలడం మానేసిన రోజులవి. మీ అమ్మ ఇంత పిల్ల. నాకా, ఇంటిపని తప్ప ఇంకోటి రాదు. అప్పుడు పక్కింటావిడ చెప్పింది, గవర్నమెంటు వాళ్ళు ట్రైనింగ్ సెంటర్ పెట్టారు, ఉచితంగా పని నేర్పి, ఉద్యోగం దొరికేదాకా వెంట ఉంటారట అని. మీ తాత మంచం మీద నుంచే, "ఊరికే నేర్పుతారా? ఊరికే? ఏదో మెలిక ఉంటుంది చూడు" అన్నాడు. మెలికా లేదు, గిలికా లేదు. బస్టాండు వెనకాల పాత గోడౌను. రేకుల కప్పు. ఒక పక్క మాకు కుట్టు మిషన్లు, ఇంకో పక్క వడ్రంగం నేర్చుకునేవాళ్ళు. వాళ్ళ రంపప్పొట్టు ఎగిరొచ్చి మా గుడ్డల మీద పడేది. మా టీచరమ్మ, "మీ పొట్టు మీ దగ్గరే ఉంచుకోండి నాయనలారా" అని అరిస్తే, అటునుంచి, "మీ దారాలు మా కాళ్ళకి చుట్టుకుంటున్నాయి, వాటి సంగతి చెప్పండి ముందు" అని వాళ్ళు. ఆ మిషన్ల మోతలో ఇంటి బెంగ వినపడేది కాదమ్మా. దేవుడు అలా కూడా వస్తాడు, రేకుల షెడ్డులా కూడా వస్తాడు. నవ్వుకో, నాకేం.

ఆ గోడౌను నడిమధ్యలో నిలబడి ఉండేది ఈ తలుపు. అటూ ఇటూ గోడ లేదు. చౌకట్టు, దాని కిందొక దిమ్మ, అంతే. మాస్టారి పని మాకు పని నేర్పడం కాదు, పని అడగడం నేర్పడం. వెదురుబద్దలా ఉండేవాడు మనిషి, గొంతు మాత్రం గుడిగంట. పూర్వం బళ్ళో పిల్లల చేత నాటకాలు వేయించేవాడట. ఎవరో ఆఫీసరు అది చూసి, "నువ్వు మాటకారివి, వచ్చి వీళ్ళకి కాస్త ధైర్యం నేర్పు" అని లాక్కొచ్చి కూర్చోబెట్టాడు. ఆయనొచ్చీ రాగానే వడ్రంగం వాళ్ళని అడిగి తలుపు చేయించుకున్నాడు. చేసింది ఎవరనుకున్నావు? నువ్వు వడ్రంగి మావయ్య అంటావే, ఆయనే. అప్పుడు కొత్త చెయ్యి. బిగించాక చూస్తే ఏముంది, లోపలికి వచ్చేవాడు లాక్కోవాలి! అందరూ నవ్వారు. వడ్రంగికి కోపం వచ్చేసింది. "గోడుంటే కదండీ, ఏది లోపలో ఏది బయటో తెలిసేది? నేనేం చెయ్యను?" అన్నాడు. నిజమే కదా పాపం! మాస్టారు తలుపు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసొచ్చి, "పోనీలే, తెరుచుకుంటోంది కదా. తెరుచుకోని తలుపులు ఊళ్ళో చాలా ఉన్నాయి" అన్నాడు. అలా ఉండిపోయింది.

ఇక నేర్పడం మొదలుపెట్టాడు చూడు. తలుపు రెండుసార్లు తట్టాలి. ఆగాలి. ఆయన బల్ల వెనక కూర్చుని "రండి" అనేదాకా కాలు కదపకూడదు. ఎటు చూసినా ఖాళీయే, పక్కనుంచి ఆయన ముక్కు కనపడుతూనే ఉంటుంది, అయినా సరే ఆగాలి. ఒక పెద్దాయన ఉండేవాడు, మిల్లు మూతపడితే వచ్చాడు. ఆయనకి విసుగు పుట్టి తలుపు పక్కనుంచి నడిచొచ్చేశాడు. మాస్టారు లేచి నిలబడి రెండు చేతులూ జోడించి, "స్వామీ, గోడలోంచి వచ్చారు! తమరు దేవుడైతే తమకి ఉద్యోగం దేనికి?" అన్నాడు. గోడౌనంతా ఘొల్లుమంది. ఆ పెద్దాయన కూడా నవ్వి, వెనక్కెళ్ళి, బుద్ధిగా తట్టాడు.

నా వంతు వచ్చింది. తట్టాను. "రండి" అన్నాడు. కాళ్ళు రావే! తలుపు వెనకాల నిలబడి అడిగాను, "మాస్టారూ, చేతులేం చెయ్యాలి?" అని. ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన నవ్వలేదు. "ఇంట్లో ఆకలితో కూర్చున్నవాళ్ళకి వడ్డించడానికి వెళ్తావు కదమ్మా, అప్పుడు చేతులేం చెయ్యాలని అడుగుతావా?" అన్నాడు. లేదండీ, చేతిలో గిన్నె ఉంటుంది కదా అన్నాను. "ఇప్పుడూ ఉంది. వాళ్ళకి పనిచేసే మనిషి కావాలి, ఆకలి వాళ్ళది. నువ్వు తెచ్చావు. అడగడానికి కాదు, పెట్టడానికొచ్చావు. లాగు తలుపు" అన్నాడు. అంతే తల్లీ. ఇవాళ్టికీ నాకు ఆ మాట చెవిలో ఉంది. సాయంత్రం దణ్ణం పెట్టుకునేటప్పుడు మన వాళ్ళందరితో పాటు ఆయన్నీ తలుచుకుంటాను.

సరే, బట్టల ఫ్యాక్టరీకి పంపించారు నన్ను. మేనేజరమ్మ గది. తట్టాను. "రండి" అంది లోపల్నుంచి. ధైర్యంగా పిడి పట్టుకుని లాగాను. రాదు! ఇంకాస్త గట్టిగా లాగాను. దడదడదడ. తలుపు ఊడొస్తుందేమో కానీ తెరుచుకోదు. లోపల్నుంచి ఆవిడ, "తలుపు మాస్టారి దగ్గర్నుంచేనా? తోసుకుని రామ్మా!" అంది. ముందు బ్యాచ్ వాళ్ళందరూ అలాగే లాగారట! ఆ సెంటర్ నుంచి ఎవరొచ్చినా ఆ చప్పుడే. "ఎవరు ఊరికే పుస్తకం చదివొచ్చారో, ఎవరు మీ షెడ్డు నుంచి వచ్చారో తలుపే చెప్తుంది నాకు. మీ వాళ్ళు పని ఎగ్గొట్టరు, కూర్చో" అంది ఆవిడ. ఆ దడదడే మాకు సిఫార్సు అయి కూర్చుంది. మాస్టారికి చెప్తే వడ్రంగి వీపు తట్టి, "చూశావా, తప్పుగా బిగించి ఎంతమందికి దారి చూపించావో" అన్నాడు.

నీళ్ళు తాగుతావా? నేను తాగుతాను, ఉండు. ఆఁ. ఎక్కడున్నాం? నాకు పని దొరికింది, మీ తాత కర్ర పట్టుకుని నడవడం మొదలెట్టాడు, మీ అమ్మ బడికెళ్తోంది, అంతా బాగుందనుకునేసరికి ఆ సెంటర్ మూసేశారు. గవర్నమెంటు దగ్గర దానికి ఇంక డబ్బుల్లేవట. మిషన్లు వ్యానుల్లో ఎక్కించేశారు. మాస్టారికి పని పోయింది. ఊళ్ళో ఇంతమందికి ఉద్యోగాలు ఇప్పించినాయన, ఆయనకేం తక్కువని మేమంతా నిశ్చింతగా ఉన్నాం. ఒకరోజు వాళ్ళావిడ మా ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వచ్చి నిలబడింది. "అమ్మా, ఎవరితోనూ అనకు. ఈయన రెండు చోట్లకి ఇంటర్వ్యూకని బయల్దేరి, మెట్ల దాకా వెళ్ళి తిరిగొచ్చేశారు. వాళ్ళు ఊళ్ళో లేరని నాతో అబద్ధం ఆడుతున్నారు. అద్దం ముందు బ్రహ్మాండంగా మాట్లాడతారు, గుమ్మం మాత్రం దాటట్లేదు" అంది. తర్వాత తెలిసింది, ఆయన జన్మలో ఒక్క ఇంటర్వ్యూకీ వెళ్ళలేదట! ఎప్పుడూ ఎవరో ఒకరు పిలిచి కూర్చోబెట్టినవే. మా ఫ్యాక్టరీలోనేమో కొత్తవాళ్ళకి నేర్పేందుకు మనిషిని వెతుకుతున్నారు. హెడ్డాఫీసు వాళ్ళొచ్చి చూసి తీసుకుంటారు, మేనేజరమ్మ చేతిలో లేదు. ఇదీ వదిలేస్తే ఆ ఇల్లు ఎలా గడుస్తుంది?

వడ్రంగినీ ఇంకో నలుగుర్నీ పోగేశాను. గోడౌను వాచ్‌మన్‌ని బతిమాలి తాళం తీయించాను. ఖాళీ గోడౌను, నేల మీద ఇంకా పొట్టు, మధ్యలో ఈ తలుపు. దాన్నెవరూ పట్టుకెళ్ళలేదు, గోడ లేని తలుపు ఎవరికి కావాలి? మాస్టారిని ఏదో సాకు చెప్పి తీసుకొచ్చాడు వడ్రంగి. నేను బల్ల వెనక, ఆయన కుర్చీలో, కూర్చున్నాను. గురువు కుర్చీ కదా, అంచునే కూర్చున్నాను. ఆయనకి అర్థమైపోయింది. వెళ్ళి తలుపు వెనక నిలబడ్డాడు. కింద సందులోంచి బూట్లు కనపడుతున్నాయి, పక్కనుంచి ఒక మోచెయ్యి. తట్టాడు. "రండి" అన్నాను. రాలేదు. మళ్ళీ "రండి మాస్టారూ" అన్నాను. ఉహూఁ. గుడిగంట లాంటి గొంతు అన్నానా, అది ఎంత చిన్నగా వచ్చిందో. "చేతులేం చెయ్యాలమ్మా?" అన్నాడు.

ఎవరూ కిసుక్కుమనలేదు. నేనేం గొప్పగా చెప్పలేదు, ఆయన పెట్టిందే ఆయనకి పెట్టాను. "వాళ్ళు ఆకలితో కూర్చున్నారు మాస్టారూ. వడ్డించండి" అన్నాను. కాసేపు ఆ బూట్లు అలాగే ఉన్నాయి. తర్వాత తలుపు లాగాడు.

ఇంటర్వ్యూ రోజు లోపల ఏం జరిగిందో మేనేజరమ్మ చెప్పింది. హెడ్డాఫీసు వాళ్ళు ముఖాలు బిగించుకుని కూర్చున్నారట. తలుపు తట్టిన చప్పుడు. రండి అన్నారు. తర్వాత? దడదడదడ! ఆయనకి తెలియదా చెప్పు? ఆ కథ మా అందరి నోటా విని పొట్ట చెక్కలయ్యేలా నవ్వినవాడే కదా! అయినా లాగాడు. మేనేజరమ్మ ఉండబట్టలేక, "తోసుకుని రండి మాస్టారూ!" అని అరిచిందట. ఆయన పగలబడి నవ్వుకుంటూ లోపలికి వచ్చాడట, చేతులు ఇలా, ఇదిగో ఇలా, ఏదో పట్టుకున్నట్టు. "ఇప్పటిదాకా ఎన్ని ఇంటర్వ్యూలకి వెళ్ళారు?" అని వాళ్ళు. "వెళ్ళడం ఇదే మొదలండీ. పంపించినవి మాత్రం లెక్కపెట్టలేదు" అని ఈయన. ఇంకేం కావాలి. జుట్టు పూర్తిగా తెల్లబడేదాకా మా ఫ్యాక్టరీలోనే ఉన్నాడు. గోడౌనులో పడున్న ఈ తలుపు నేనడిగితే వడ్రంగి మోసుకొచ్చి ఇక్కడ బిగిస్తూ, "ఈసారి గోడుంది కదా, సరిగ్గా పెట్టనా?" అన్నాడు. ముట్టుకోకు అన్నాను.

ఆయన పోయిన రోజు... వాళ్ళింటి తలుపు బార్లా తెరిచే ఉంది. మేమంతా వెళ్ళాం, ఎన్ని బ్యాచ్‌ల వాళ్ళో. ఒక్కళ్ళూ లోపల అడుగు పెట్టరే. గుమ్మం బయట అలా నిలబడిపోయాం, ఆయన ఇంకా అన్లేదు కదా అన్నట్టు. చివరికి వాళ్ళావిడే లేచొచ్చి "రండి" అంది.

ఊఁ.

ఏదో మోగుతోంది చూడు నీ ల్యాప్‌టాప్‌లో. అయ్యో, టైమైందా? నీకు తట్టడానికి తలుపైనా లేదే పాపం. ఏంటీ? ఏం రాసుంది? వాళ్ళు లోపలికి రానిచ్చేదాకా ఆగమంటోందా? ఓరి దేవుడా. అయితే తలుపుందన్నమాట. చేతులు చూసుకో తల్లీ. ష్, నేనింక మాట్లాడను.