ఎదురు బస్సు లేని దారి

“దీని పరీక్ష పేపర్లు ఇంకోసారి దిద్దించండి మేడమ్. ఇంకేమీ అడగను.”

“ఇద్దరు దిద్దారమ్మా. ముందు మీరు కూర్చోండి.”

“కూర్చుంటే పనవుతుందా?”

బస్సు కండక్టరు యూనిఫాంలోనే వచ్చిన ఆ తల్లి కూర్చోలేదు. ఎనిమిదో తరగతి ముగించిన కూతురు గోడవార బెంచీ మీద తల వంచుకుని ఉంది. బల్లకు అవతల ప్రధానోపాధ్యాయురాలు కళ్లజోడు తీసి, మళ్లీ పెట్టుకుంది.

“ఎనిమిది తర్వాత దారులు రెండే. పరీక్షలో మార్కుల గీత దాటినవాళ్లు పై బడికి, దాటనివాళ్లు పనుల బడికి. అదేం శిక్ష కాదమ్మా. వైరింగో, కుట్టో, లేతు పనో, ఏదో ఒకటి చేతికొస్తుంది.”

“అక్కణ్ణించి కాలేజీకి రావచ్చా?”

“అంటే... ప్రస్తుతానికి...”

“రావచ్చా, రాకూడదా?”

“రాకూడదు. పై బడిలో నాలుగేళ్లు చదివినవాళ్లే కాలేజీ ప్రవేశ పరీక్ష రాయాలి. దేశమంతా ఇదే పద్ధతి. నేను పెట్టింది కాదు.”

“పదమూడేళ్ల పిల్ల, మేడమ్. దాని జడ ఇంకా నేనే వేస్తున్నాను. ఒక్క పూట పరీక్షకి బతుకంతా తేల్చేస్తారా? మా బస్సులో కునుకు తీసి స్టాపు దాటిపోయినవాణ్ణి కూడా దించి, ఎదురు బస్సెక్కమంటాను. మీ చదువుల్లో ఎదురు బస్సే లేదా?”

“లేదమ్మా.”

“పోనీ, మళ్లీ ఎనిమిదిలోనే కూర్చోబెట్టండి.”

“పరీక్ష రాసినవాళ్లని వెనక్కి తీసుకోకూడదు. ఇవన్నీ మీ పెద్దబ్బాయికి తెలుసు, అడగండి. మా బడిలో అలాంటివాడు మళ్లీ పుట్టలేదు. ఎలా ఉన్నాడు?”

“చదువుకుంటున్నాడు.”

“ఏ కాలేజీ?”

“చేరతాడు. మేడమ్, మీరు పై ఆఫీసులో ఒక్క మాట...”

“ప్రవేశ పరీక్ష ఇంకా రాస్తూనే ఉన్నాడా?”

“వాడి సంగతి ఇప్పుడెందుకండీ. దీని సంగతి చూడండి.”

“దీని సంగతే చెప్పబోతున్నాను. లెక్కల పేపరు తెప్పించి చూశాను. సగం దాకా ఒక్క తప్పు లేదు. అక్కణ్ణించి అంతా తెల్ల కాగితమే. ఎందుకో మీ అమ్మాయినే అడగండి.”

“ఏమే, టైము చాల్లేదా?”

కూతురు జడ కొస వేలికి చుట్టుకుంది.

“నిన్నే. కళ్లు తిరిగాయా? ఒంట్లో బాగాలేదా? చెప్పు, మేడమ్ వింటారు.”

“బానే ఉన్నానమ్మా. పెన్ను పక్కన పెట్టేశాను.”

“పెట్టేశావా? ఎందుకు?”

“పై బడికి వెళ్లకూడదని.”

“చిన్నపిల్ల మేడమ్, తెలియక ఏదో...”

“తెలిసే చేశానమ్మా. అన్నయ్యలా అయిపోతానని భయమేసింది.”

“నోరు మూసుకో.”

“ఉండండి, చెప్పనివ్వండి. అన్నయ్యకేమైంది తల్లీ?”

“ప్రతి ఏడూ రాస్తున్నాడు, ప్రతి ఏడూ పోతోంది మేడమ్. ఇప్పుడు చదవడం కూడా లేదు. పుస్తకం తలకిందులుగా ఉన్నా అలాగే పేజీలు తిప్పుతాడు. మాట్లాడడు. అన్నం గదిలోకే ఇస్తాం. అమ్మ డ్యూటీకి వెళ్తూ బయట తాళం వేస్తుంది.”

“తాళం వేయడమేంటమ్మా?”

“మొదట్లో వాడే వేయమన్నాడు మేడమ్, మనసు చెదరకుండా ఉంటుందని. తర్వాత తర్వాత... తీస్తే ఎటు పోతాడోనని నాకే భయం. పొద్దస్తమానం రోడ్ల మీద ఉండేదాన్ని, ఎవరు చూస్తారు వాణ్ణి?”

“నాకొక్క మాట చెప్పలేకపోయారా? ఇప్పటికీ పిల్లలందరికీ వాడి పేరే చెప్తాను, వాడిలా చదవండని.”

“చెప్తారనే చెప్పలేదు.”

“అమ్మా, ఆ తాళం తీసెయ్యవే. పనుల బడికే వెళ్తాను. ఇష్టంగానే వెళ్తాను. అన్నయ్యని బయటికి రానివ్వు.”

అప్పుడు కూర్చుంది తల్లి.

“తీశానే. ఇవాళ పొద్దున నువ్వు బడికి బయల్దేరగానే, నీ ఫలితం వాడికి చెప్దామని తీశాను. చెల్లి గీత దాటితే నువ్వు ఇక రాయక్కర్లేదురా అని వాడికి మాటిచ్చి ఉన్నాను. ఇంట్లో ఒక్కరు పైకి వెళ్తే చాలు, నువ్వు హాయిగా ఉండు అన్నాను. నిన్ను చదువు చదువు అని చంపుకు తిన్నది అందుకేనే.”

“అన్నయ్యకి చెప్పావా?”

“తలుపు తీయగానే, దాటిందా అని అడిగాడు. వాడికి అబద్ధం చెప్పడం నాకు చేతకాలేదు, లేదన్నాను. తలుపు మూసి లోపల గడియ పెట్టుకున్నాడు. ఎంత బాదినా పలకడం లేదు. పక్కింటాయన్ని గుమ్మం దగ్గర కూర్చోబెట్టి పరుగెత్తుకొచ్చాను. మేడమ్, మీ కాళ్లు పట్టుకుంటాను, దాటిందని ఒక్క కాగితమ్ముక్క రాసివ్వండి. అబద్ధమైనా సరే. తలుపు కిందనుంచి లోపలికి తోస్తాను.”