కిత్నే సాల్?

కోని ఊరు దాటాక ఉన్న బంజరులో రైల్వే కాలనీ ఆడవాళ్లు నాటిన సాల్ మొక్కల చుట్టూ నిన్నటిదాకా కంచె ఉండేది. వాళ్లలో ఒకావిడ, మొక్కల లెక్కకు ఫోన్ యాప్ తయారుచేసిన మేనకోడలితో వచ్చి నిలబడిపోయింది.

"ఏటే ఇది! కంచె ఎవులు పీకీసినారు? మేకలు చిగుళ్లన్నీ కొరికీసినాయి!"

"ఫారెస్టు ఆఫీసువాళ్లే అత్తా. ఇక్కడివి అరవై ఏళ్ల చెట్లని యాప్‌లో ఉందట. పెద్ద చెట్లకి కంచె దేనికని తీసేశారు."

"అరవై ఏళ్లా! మొన్న వానల్లో నాటినాం కదే! ఎవులు రాసినారలాగ?"

"నీ ఫోన్ నుంచే వచ్చింది. యాప్ హిందీలో 'కిత్నే సాల్' అని అడిగితే ఏం నొక్కావు?"

"అరవై. నా వంతు అరవై సాల్ మొక్కలు. ఒక్కోటీ ముట్టుకుని లెక్కెట్టినాను."

"అయ్యో అత్తా! హిందీలో సాల్ అంటే ఏడాది కూడా కదా! నాటి ఎన్నేళ్లయిందని అడిగాను."

"మొక్కల మధ్యన నిలబెట్టి ఎన్ని సాల్ అంటే, చెట్టు కాక ఇంకేటనుకుంటామే?"

"మరి... మిగతా ముప్పై మందీ ఏం నొక్కారు?"

"పక్కన కూకుని అందరికీ నేర్పింది నానే కదే."