ముందు లేపండి బావా

ఇంగ్లీషు ట్యూషన్లు చెప్పే బావమరిది ఇల్లు. అలిగి తమ్ముడింటికి వచ్చేసిన భార్యను తీసుకెళ్ళడానికి వచ్చిన బావ, ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసరు, ముందుగదిలో కుర్చీ అంచున కూర్చున్నాడు.

"అది కాదురా బామ్మర్దీ, తిట్టినా బాగుండేది. తిట్టలేదు. మెసేజ్ పెట్టింది. మీరు మోరలైజ్ చేయడం మానేదాకా రాను అని. ఇంతకీ దానర్థం ఏంటి?"

"డిక్షనరీ చూడలేదా బావా?"

"చూశాను. నీతులు చెప్పడం అని ఉంది. నీతులు చెబితే తప్పేముంది, మంచి మాటే కదా అని మూసేశాను."

"అర్థం తెలిసింది, వాడుక తెలియలేదన్నమాట."

"వాడుక చెప్పడానికేగా నువ్వున్నది. ముందు మీ అక్కని పిలువు."

"స్నానం చేస్తోంది."

"ఇందాకా అదే అన్నావు. నీళ్ళు అంతంత వృథా చేయకూడదురా. రేపు మన పిల్లలు..."

"బావా."

"ఏంటి?"

"వాడుక."

"ఇదా?"

"ఇదే. రాసుకుంటారా?"

"వెటకారం వద్దు. పెద్దవాళ్ళతో వెటకారం మనిషిని ఎక్కడికి..."

"రెండో ఉదాహరణ."

"సరే, నోరు మూసుకుంటాను. నువ్వే అడుగు."

"అసలేం జరిగింది? అక్క సగమే చెప్పింది."

"ఏముంది, బాత్రూంలో కాలు జారి పడింది. మణికట్టు విరిగింది. నేనేమన్నా తోశానా?"

"తోశారని ఎవరన్నారు. లేపారా?"

"లేపకుండా ఉంటానా? తడినేల మీద ఆ పరుగులేంటి, తొందరే మనిషికి శత్రువు అని చెప్పి లేపాను."

"చెప్పి లేపారు."

"చెప్పి లేపాను."

"లేపి చెప్పలేదు."

"ఏదైతే ఏం. మా ఫ్యాక్టరీలో ఎవడు పడ్డా ముందు కారణం..."

"ఎంతసేపు చెప్పారు?"

"కాసేపే. మధ్యలో మా నాన్న మెట్ల మీద పడ్డ సంగతి కూడా వచ్చింది. అది చెప్పకపోతే విషయం బుర్రకెక్కదు."

"అప్పటిదాకా అక్క నేలమీదే ఉందా?"

"వింటోంది కదా అనుకున్నాను."

"చెప్పేవాడికి వినేవాడు లోకువని ఊరికే అనలేదు."

"ఆహా. మరి ఇప్పుడు సామెత చెప్పిందెవరు? నువ్వు చేస్తే పాఠం, నేను చేస్తే మోరలైజా?"

"మీరు కుర్చీలో కూర్చున్నారు బావా. చెయ్యి విరిగి నేలమీద లేరు. లేపాక చెబితే సలహా. లేపకముందు చెబితే మోరలైజ్. డిక్షనరీలో అంత వివరంగా ఉండదు."

"నన్ను మరీ రాక్షసుణ్ణి చేస్తున్నావు."

"రాక్షసుడైతే తినేసి పోయేవాడు. ఉపన్యాసం ఉండేది కాదు."

"నవ్వకు. ఇల్లెలా ఉందో తెలుసా నీకు? పొద్దున, లైటెందుకు ఆర్పలేదు అని కేకేశాను. పలకడానికి ఇంట్లో ఎవరున్నారు? ఆ లైటు వేసిందీ నేనే. ఆవిడ లేకపోతే నాకేం తోచట్లేదురా. తిండి కూడా సహించట్లేదు."

"ఇది బాగుంది. ఇందులో నీతి లేదు."

"అయితే పిలువు."

"ఉండండి. అక్కతో మొదటి మాట ఏమంటారు? ముందు నాతో అనండి."

"చెయ్యి ఎలా ఉంది? ఇకనైనా చూసి నడువు."

"రెండో ముక్క తీసేయండి."

"చెయ్యి ఎలా ఉంది? అందుకే పెద్దలు..."

"పెద్దల్ని వదిలేయండి పాపం."

"చెయ్యి ఎలా ఉంది?"

"ఊఁ."

"నొప్పిగా ఉందా?"

"ఊఁ."

"ఆ రోజు ముందు నిన్ను లేపాల్సింది."

"ఆ ముక్క ఇంకోసారి అనండి బావా."

"ఎందుకురా? తప్పు చెప్పానా?"

"లేదు బావా. నూటికి నూరు."

"అయితే పిలువు. ఈ ఊపులో ఉండగానే అనేస్తాను. కాసేపాగితే నోటికి మళ్ళీ ఏదో ఒకటి తగులుతుంది."

"అదీ... అక్క లోపల లేదు బావా. మీరు గేటు తీసిన చప్పుడవగానే పెరటి గుమ్మంలోంచి వెళ్ళిపోయింది."

"వెళ్ళిపోయిందా? ఆ చేత్తో ఎక్కడికి వెళ్ళింది?"

"మీ ఇంటికే. ఇంటిమీద తనకేం కోపం లేదట. మిమ్మల్ని మాత్రం ఇక్కడే ఉంచుకోమంది."