ఏడు వానలకు చెరగని ఇంకు

చిత్తూరు కోర్టు గోడ పక్కన అమీనా బీ టీ అంగడి ఉంది. దానికి ఆనుకునే, నీలం టార్పాలిన్ పట్ట కింద, ఒక చెక్కపెట్టె ముందర పెట్టుకుని ఆమె మొగుడు సైఫుల్లా కూర్చుంటాడు. ఆయన పెన్నులు బాగుచేస్తాడు, ఇంకులు అమ్ముతాడు, మిగిలిన పొద్దంతా కోతలు కోస్తాడు. మొదటి రెండు పనుల్లో ఆయనకు సాటి వచ్చేవాడు జిల్లాలో లేడని అందరూ ఒప్పుకుంటారు. మూడో పని సంగతి ఆ అంగడి బెంచీ మీద కూర్చున్నవాళ్ళను అడిగితే, జిల్లా ఒక్కటేనా అని నవ్వుతారు.

ఆ పొద్దు పదకొండు గంటలప్పుడు రూపశ్రీ వచ్చింది. చేతిసంచిలో రెండే వస్తువులు తెచ్చింది. ఒకటి వాళ్ళ నాయన పెన్ను, రెండోది సైఫుల్లా దగ్గరే కొన్న నల్ల ఇంకు సీసా.

రూపశ్రీ అందంగా అక్షరాలు రాయడమే పనిగా పెట్టుకున్న పిల్ల. పెళ్ళి కార్డుల మీదా, బడి సర్టిఫికెట్ల మీదా పేర్లు రాసిస్తుంది. ఇంకులో ముంచి రాసే పాళీ ఆమెది. ఈసారి ఒక బడివాళ్ళు రెండు వందల నలభై సర్టిఫికెట్లు చేతిలో పెట్టి రేపటికి కావాలన్నారు. ముంచడం, దులపడం, నాలుగక్షరాలు రాయడం, మళ్ళీ ముంచడం. సగానికి రాకముందే మణికట్టు మంటెత్తిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది నాయన పెన్ను.

నాయన గుణశేఖర్ రిజిస్ట్రారు ఆఫీసు దగ్గర దస్తావేజులు రాసేవాడు. పోయి రెండేళ్ళయింది. ఆయన పెన్ను మొనను సైఫుల్లానే వాలుగా నూరిచ్చాడు. నిలువు గీత లావుగా, అడ్డగీత సన్నగా, ముంచే పాళీ రాసినట్టే రాస్తుంది. అందులో ఈ నల్ల ఇంకే పోసుకుంటే ఇక ముంచే పనేముంది, రాసుకుంటూ పోవచ్చు కదా! ఇంట్లోనే పోసేసేది. సీసా మూత తీసి మరీ ఆగింది. నాయన చేతి పెన్ను. పాడైతే ఇంకొకటి దొరికేది కాదు. తెలిసినవాణ్ణి ఒక్క మాట అడిగి పోద్దామని వచ్చింది.

"మామా, ఈ ఇంకు ఈ పెన్నులో పోయొచ్చునా?"

ఔననో కాదనో ఒక్క మాటలో చెప్పేసే మనిషైతే ఆయన సైఫుల్లా ఎందుకవుతాడు? పెన్ను అందుకుని మూత తిప్పి, మొనను వెలుగులో పెట్టి చూసుకున్నాడు. కళ్ళు కాస్త చెమర్చాయి.

"గుణశేఖర్ పెన్ను. నా చేత్తో నూరినాను పాపా దీన్ని. ఇట్టాంటి చేతిరాత మళ్ళా సూస్తామా!" అని సీసా వైపు తిరిగాడు. అంతే, గొంతు మారిపోయింది. "ఈ ఇంకునా? ఈ ఇంకు సంగతా నువ్వు అడిగేది? మునిశేఖరా, ఇట్టా జరుగబ్బా, కొంచెం చెప్పాల."

ఆటో తోలే మునిశేఖర్ సంతోషంగా జరిగాడు. అతని పక్కన కోర్టు వాయిదాకని పలమనేరు దిక్కు నుంచి వచ్చిన రైతు తిరుమలయ్య కూర్చున్నాడు. మునిశేఖర్ కథకు ముందు గొంతు తడుపుకుందామని చెక్కపెట్టె మూలనున్న గ్లాసు ఎత్తబోయాడు.

"దించు, దించు! అవి తాగే నీళ్ళు కాదప్పా, పెన్ను నానతా ఉండాది" అని అమీనా బీ అరిచింది. నిజమే, తేటనీళ్ళలో మొన కిందికి పెట్టి ఒక పెన్ను నిలబడి ఉంది. పెన్ను డాక్టరు దగ్గర పెన్నులు నానకేం చేస్తాయని ఎవరూ పట్టించుకోలేదు.

"రెండువేల పదిహేనో సంవత్సరం వానలు గుర్తుండాయా?" అంటూ సైఫుల్లా రూపశ్రీ పెన్ను పీక తిప్పడం మొదలుపెట్టాడు. "నీవా నది పొంగి రోడ్డెక్కె. ఆ దినం ఈ పాప వాళ్ళ నాయన ఒక దస్తావేజుకు చిత్తు రాసినాడు. లోపలంతా తన పెన్నుతో రాసి, పైన పేరు మాత్రం నువ్వు రాయి సైఫుల్లా అన్నాడు. ఈ ఇంకుతోనే, ముంచే పాళీతో రాసిస్తిని. పార్టీ చేతిలోంచి కాయితం జారి నీళ్ళలో పడె. ఎత్తి సూస్తే లోపల రాసిందంతా కరిగి నీలం నీళ్ళయిపోయినాది. పైన నేను రాసిన పేరు? ఒక్క దీర్ఘం చెదరలా!"

"అబ్బా!" అన్నాడు తిరుమలయ్య.

ఇంతవరకు నిజమే అయ్యుండొచ్చు. నాయన రాసింది కరిగిపోయిందన్న మాట రూపశ్రీ మనసులో చిన్న ముల్లులా దిగింది. ఎందుకో అప్పటికి తెలియలేదు.

"ఆ కాయితం గాలికి ఎగిరిపోయి బస్టాండు గోడకు అతుక్కున్నాది. ఏడు వానలు కురిసినాయి తిరుమలయ్యా, ఏడు! కాయితం నానింది, చిరిగింది, రాలిపోయింది. అక్షరాలు మాత్రం గోడ మీద అట్టాగే ఉండాయి. మునిసిపాలిటీవాళ్ళు సున్నం కొట్టిరి. సున్నంలోంచి పైకి తేలె. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"చెప్పు భాయ్" అన్నాడు మునిశేఖర్, టీ చల్లారిపోతున్నా.

"మామిడి మండీ ఆయప్ప ఒకడు అది సూసి పరిగెత్తుకుంటా వచ్చినాడు. కాయలు దొంగిలిస్తాండారు భాయ్, నా పేరు రాసియ్యి అన్నాడు. బెంగళూరా కాయలు, అప్పుడే గోలీ అంత పిందెలు. ఒక్కో పిందె మీద ఆయన పేరు మొదటక్షరం రాసిపెడితిని. కాయ పెరిగింది. కాయతోబాటు అక్షరం పెరిగింది! చెట్టు కింద నిలబడితే బడి గోడ మీద అక్షరమాల సూసినట్టుండాది. కాయలు గుజ్జు ఫ్యాక్టరీకి పోయినాయి. తోలు తీసినారు, కాచినారు, గుజ్జు చేసినారు, డబ్బాల్లో పోసినారు. పోతాదా ఇంకు? మద్రాసులో ఒకడు జ్యూసు తాగి నాలిక బయటపెడితే, నాలిక మీద ఆయప్ప అక్షరం!"

బెంచీ మొత్తం నవ్వింది. తిరుమలయ్య మాత్రం నవ్వలేదు. "మరి వాని నాలిక మీద నుంచి ఎప్పుడు పోయినాది?" అని అడిగాడు.

"పోతే కదా చెప్పేదానికి! వానికి పుట్టిన బిడ్డ నాలిక మీద గూడా అదే అక్షరం."

రూపశ్రీ కూడా నవ్వింది. ఆయన కోతలు చిన్నప్పటి నుంచి వింటున్నవే, ఎన్నిసార్లు విన్నా బాగుంటాయి. కానీ ఆయన చేతులు ఊరికే లేవు. పెన్ను డొల్లను ఎడమచేత్తో నిలబెట్టాడు, కుడిచేత్తో సీసా మూత తీశాడు, డ్రాపరు లోపలికి దించాడు.

"మామా, ఇంతకీ పోయొచ్చునా అని..."

"ఆ మాటకే వస్తాండా పాపా. జ్యూసు సంగతి యాడికి పాకినాదంటావు? శ్రీహరికోటకు! జీపులో సారోళ్ళు దిగినారు. నీ ఇంకు కావాల సైఫుల్లా, రాకెట్టు మీద పేరు రాస్తే నిప్పుకు పెయింటు కాలిపోతాండాది, యా దేశం రాకెట్టో పైన ఎవురికీ తెలియడంలా అన్నారు. పోయినాను. నిచ్చెన ఏసినారు. ఎనిమిది అంతస్తుల ఎత్తు! ఈ సీసాలో పాళీ ముంచుకుంటా, పై నుంచి కిందికి రాసుకుంటా దిగినాను."

డ్రాపరు నిండుగా నల్లగా పైకి వచ్చింది.

"నిప్పు పెట్టినారు. పులికాట్ చెరువులో కొంగలన్నీ ఒక్కసారి లేచినాయి. మంట, పొగ, ఉరుము! పెయింటు కాలె, రేకు ఎర్రబడె, నా అక్షరాలు మాత్రం చల్లగా నల్లగా నిగనిగలాడతా మబ్బుల్లోకి పోయినాయి. సందమామ మీద దిగినాక రాకెట్టు అరిగి పొడైపోయినాది అనుకో. అక్షరాలు అట్టాగే నేల మీద నిలబడుండాయి. ఇప్పుడు సారోళ్ళు దుర్బీను పెట్టి సూస్తే ఏం కనపడతాదో తెలుసా? 'ఇట్లు, సైఫుల్లా, చిత్తూరు కోర్టు పక్కన'! నిప్పుకు పోదు, వానకు పోదు, కాలానికి పోదు. అట్టాంటి ఇంకు, పాపా, అట్టాంటి చేతిలో ఉండిన పెన్నులో..."

డ్రాపరు మొన పెన్ను నోటి మీదికి వచ్చింది. చివర ఒక చుక్క ఊగుతోంది.

రూపశ్రీ తన అరచెయ్యి పెన్ను నోటికి అడ్డం పెట్టింది. చుక్క ఆమె చేతి మీద పడింది.

"ఒక్క మాట మామా" అంది నిదానంగా. "నా ముంచే పాళీ మీద ఈ ఇంకు ఎండిపోతే నేను బ్లేడుతో గీకి తీస్తాను. నీళ్ళకు పోనే పోదు. ఈ పెన్నులో పాళీ కింద నాలిక ఉంది కదా, దాంట్లో వెంట్రుకంత కాలవ ఉంది కదా, అందులో ఎండిపోతే బ్లేడు యాడ పోతాది? వానకు పోనిది, నిప్పుకు పోనిది, మా నాయన పెన్ను గొంతులోంచి ఎట్టా పోతాది? మా నాయన రాసింది నీళ్ళకు కరిగిందని నువ్వే అంటివి. అంటే ఆయన ఇందులో పోసేది ఈ ఇంకు కాదు కదా?"

రాకెట్టు ఎక్కడో మధ్యలో ఆగిపోయినట్టయింది.

సైఫుల్లా డ్రాపరు వంక చూశాడు, పెన్ను వంక చూశాడు. మెల్లగా డ్రాపరును సీసాలోకే పిండి మూత బిగించాడు. పెన్ను డొల్లనూ పాళీనీ మంచినీళ్ళతో మూడుసార్లు కడిగాడు. పెట్టెలోంచి ఇంకో సీసా తీశాడు. అదీ నలుపే, కానీ పల్చన. ఒక కాగితం మీద రెండు ఇంకులతో రెండు గీతలు గీసి ఎండలో పెట్టాడు. చిత్తూరు ఎండకు ఎంతసేపు? ఆరిన గీతల మీద కాసిని నీళ్ళు పోశాడు. పల్చని ఇంకు గీత కరిగి పారింది. రూపశ్రీ తెచ్చిన ఇంకు లక్క కలిపింది, దాని గీత కదలలేదు.

"కదలనిది ముంచే పాళీకి. బయటుండే పాళీ కాబట్టి గీక్కోవచ్చు" అన్నాడు, ఈసారి గొంతులో కోత లేకుండా. "గొంతుండే పెన్నుకు పెన్ను ఇంకే పోయాల. మీ నాయన యాడన్నా ఒక్క దినం మరిచినాడా? సర్టిఫికెట్లకు ఎట్టాగూ పైన ప్లాస్టిక్ ఏస్తారు, తడుస్తాయని బయమొద్దు. ఒక ఇంకు మీద ఇంకో ఇంకు మాత్రం కలపబాక."

పోసి ఇచ్చాడు. రూపశ్రీ తన పేరు రాసుకుని చూసింది. నిలువు గీత లావుగా, అడ్డగీత సన్నగా. నాయన చేతిరాత కాదు గాని, నాయన పెన్ను గీత అది. దాని కిందే నాయన పేరు కూడా రాసింది.

అది చూసేసరికి సైఫుల్లాకు ప్రాణం లేచొచ్చింది. "సూసినారా? గుణశేఖర్ కూతురికి తెలివి ఉండాదా లేదా అని పరీక్ష పెట్టినా. నెగ్గింది!"

"అయ్యో, పరీక్ష!" అమీనా బీ టీ వడపోస్తూనే అందుకుంది. "మరి ఆ గ్లాసులో నానేది ఎవుర్ని పరీక్ష చేసిందయ్యా? పోయిన బేస్తవారం ఈ రాకెట్టు కతే చెబుతా చెబుతా, చెయ్యి యాడుండాదో సూసుకోకుండా, ఈ నల్ల ఇంకు తన పెన్నులోనే పోసుకున్నాడు రూపా! ఆరు దినాలుగా నానతా ఉండాది. నాలిక ఊడి రాదు, ఇంకు కారదు."

మునిశేఖర్ నవ్వి నవ్వి బెంచీ మీద నుంచి జారిపోయాడు. సైఫుల్లా ఏమాత్రం తొణకలేదు. గ్లాసు తీసి ఎండకేసి పట్టాడు.

"తిరుమలయ్యా, నువ్వే సెప్పు. ఆరు దినాలు. నీళ్ళలో ఒక్క సుక్క నలుపుండాదా?"

తిరుమలయ్య ముందుకు వంగి, ఒక కన్ను మూసి, చాలాసేపు చూశాడు.

"లేదప్పా" అన్నాడు. "తేటగా ఉండాయి."