ఏడవ కోతలో తేలిన నిజం

1992 జూన్ పదిహేడవ తేదీన మన ఆసుపత్రి ప్రయోగశాలలో అసిస్టెంటు పాథాలజిస్టుగా విధుల్లో చేరిన మేడమ్‌గారు, ముప్పై మూడేళ్ళ నిర్విరామ సేవ అనంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. నిర్విరామం అన్నది అలంకారానికి వాడిన మాట కాదు. మైక్రోస్కోపు ముందు తప్ప వారు మరెక్కడా కుదురుగా కూర్చోవడం ఎవరూ ఎరుగరు. సంతకం చేసిన రిపోర్టును కవరులోంచి వెనక్కి లాగి చదవడం, కాలుగాలిన పిల్లిలా వార్డుకూ ల్యాబుకూ మధ్య తిరగడం వారి నిత్యకృత్యాలు. "మా ఆవిడ రైలు దిగాక కూడా టికెట్టు మీద తేదీ చూసుకుంటుంది" అని వారి శ్రీవారు వాపోతుంటారు.

ఇది పుట్టుకతో వచ్చిన గుణమని చాలామంది భావిస్తారు. కాదు. చేరిన కొత్తలో వారికి చురుకైన చేయి, తిరుగులేని ఆత్మవిశ్వాసం ఉండేవి. మూడు రోజుల పని ఒక్క రోజులో ముగించి ఇంటికి వెళ్ళి హాయిగా నిద్రపోయేవారు.

రెండవ సంవత్సరంలో ఒక దర్జీ మెడలోని గడ్డ ముక్క పరీక్షకు వచ్చింది. జ్వరం, బరువు తగ్గడం, స్లైడు మీద క్షయలో కనిపించే తరహా కణాల గుంపులు. క్షయ క్రిములు మాత్రం కనబడలేదు. అయినా "క్షయ" అని రాసి సంతకం చేశారు. రెండు నెలల తర్వాత వార్డు వరండాలో పెద్ద డాక్టరుగారు ఆ దర్జీని మందలిస్తుండగా మేడమ్‌గారి చెవిన పడింది.

"మాత్రలు సరిగ్గా మింగితే గడ్డ ఎందుకు పెరుగుతుందయ్యా?"

దర్జీ సంచిలోంచి ఖాళీ మాత్రల అట్టలు తీసి మంచం మీద వరుసగా పేర్చాడు. ఒక్క రోజు కూడా తప్పలేదు.

ఆ అట్టలు చూసిన మేడమ్‌గారు వెంటనే ల్యాబుకు వచ్చి, మైనంలో భద్రపరచిన ఆ గడ్డ ముక్కను మళ్ళీ తీయించి, ఇంకా లోతుకు పొరలు పొరలుగా కోయించారు. ఆరు కోతల్లోనూ పాత దృశ్యమే. ఏడవ కోతలో, ఆ గుంపుల చాటున, జంట కేంద్రకాల పెద్ద కణాలు బయటపడ్డాయి. అది క్షయ కాదు, లింఫ్ గ్రంథుల క్యాన్సర్. పక్కనే ఉన్న అప్పటి ల్యాబు విభాగాధిపతికి చూపించారు. ఆయన చాలాసేపు చూసి తలూపారు.

"కొత్త రిపోర్టు రాసి పంపెయ్యమ్మా. పాతది నీదని పనిగట్టుకుని చెప్పకు. నీ ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు, గుర్తుందా?"

"ఉందండీ. కానీ ఆ దర్జీని అబద్ధాలకోరు అంటున్నారు" అన్నారు మేడమ్‌గారు.

వార్డుకు వెళ్ళి, పెద్ద డాక్టరుగారి ఎదుటే దర్జీతో చెప్పారు. "మీరు మందులు సరిగ్గానే వేసుకున్నారు. తప్పు రాసింది నేను. రెండు నెలలు పోయాయి. ఇక ఒక్క రోజు కూడా పోనివ్వను."

దర్జీ, "పోనీలెండమ్మా. మా ఇంటావిడ కూడా నన్నే అనుమానించింది. ఆమెకి కూడా ఈ మాట చెప్తారా?" అన్నాడు. మేడమ్‌గారు ఆమెకూ చెప్పారు. చికిత్స ఫలించింది. ఉద్యోగం ఖాయం కావడానికి మాత్రం ఏడాది ఆలస్యమైంది.

కాలక్రమంలో విభాగాధిపతిగా పదోన్నతి పొందిన వీరు, రోగి లక్షణాలు రాయని ఫారాన్ని అంగీకరించరాదన్న నియమాన్ని పెద్దలతో పోరాడి నెలకొల్పారు. గురువారం గురువారం వార్డు వైద్యులను ల్యాబుకు రప్పించి, రోగి కథనూ స్లైడునూ పక్కపక్కన పెట్టి చర్చించే సంప్రదాయాన్ని ప్రారంభించారు. కొత్తగా చేరిన ప్రతి జూనియరుకూ వారు చూపించే మొదటి పాఠం తమ సంతకమున్న ఆ తప్పు రిపోర్టే.

మొన్న బల్ల సర్దుకుంటున్న వేళ ఒక జూనియరు, "మేడమ్, ఆ దర్జీ బతికారు కదా, ఇంకా ఎందుకండీ ఈ బాధ?" అని అడిగింది.

"ఆయన తిరిగొచ్చాడు కాబట్టి నాకు తెలిసింది. తిరిగి రానివాళ్ళ మాటేమిటమ్మా?" అన్నారు వారు.



మేడమ్‌గారికి సంపూర్ణ ఆరోగ్యం, నిండు నూరేళ్ళ ఆయుష్షు, ముప్పై ఏళ్ళుగా బాకీపడిన కంటినిండా నిద్ర లభించాలని మనసారా ఆకాంక్షిస్తున్నాము. తిరిగి రానివారి గురించి ఇకమీదట నిద్ర మానుకోవలసింది మేము.